తీవ్ర రక్త క్యాన్సర్, మూలకణ మార్పిడి: పరిశోధన చరిత్ర

తీవ్ర ల్యూకేమియా ఎముక మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్. తెల్లకణాలు పక్వానికి రాకుండానే విపరీతంగా పెరిగి, ఎర్రకణాలకూ ప్లేట్‌లెట్లకూ చోటు లేకుండా చేస్తాయి. రోగి పాలిపోతాడు, జ్వరం వదలదు, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఒంటిమీద ఎర్రటి చుక్కలు తేలుతాయి. వైద్యం అందకపోతే వారాల్లోనో నెలల్లోనో ప్రాణం పోతుంది. ‘తీవ్ర’ అన్న మాట ఆ వేగాన్నే చెబుతుంది. ఇందులో లింఫోబ్లాస్టిక్ రకం పిల్లల్లో ఎక్కువ, మైలాయిడ్ రకం పెద్దల్లో ఎక్కువ.

ల్యూకేమియాను 1845లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ ఫిర్కో విడివిడిగా వర్ణించారు. ‘ల్యూకేమియా’ అన్న పేరు 1847లో ఫిర్కో పెట్టినదే. ఆ తర్వాత నూరేళ్లపాటు పేరు ఉంది గానీ మందు లేదు.

మందు దాకా వచ్చిన దారిలో మొదటి మజిలీ బొంబాయి. అక్కడి గర్భిణులను పీడిస్తున్న ఒక రకం రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసిన పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. దాన్ని ప్రయోగశాలలో పెద్దయెత్తున తయారు చేసే మార్గం 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దొరికింది. అక్కడ పరిశోధనను నడిపించింది భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుకు ఈ పదార్థంతో ఉన్నది ఉద్యోగ సంబంధం మాత్రమే కాదు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వారిలో ఒకరిని బలిగొన్న స్ప్రూ అనే పేగు జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందుగా నిలిచింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకుని శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్న మనిషి ఆయన. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1940లో లెడర్లీకి మారాడు.

బోస్టన్‌లో పిల్లల రోగనిర్ధారణ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్లపు సంబంధిత పదార్థాలను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగినట్టు కనిపించింది. నిరాశ పడవలసిన ఆ ఫలితంలోనే దారి దొరికింది: ఈ కణాలకు ఫోలిక్ ఆమ్లం తిండి అయితే, ఆ తిండి అందకుండా చేయాలి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని చోటును ఆక్రమించి కణాన్ని పస్తుపెట్టే అమినోప్టెరిన్‌ను లెడర్లీ రసాయనవేత్తలు తయారు చేశారు. ఫార్బర్ బృందం దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు, అప్పటికి ఆయన వయసు 53. ఫార్బర్‌ను ఆధునిక కీమోథెరపీ పితామహుడు అంటారు. ఆ మాట సబబే. కానీ ఆ మందు చేయించి పంపిన మనిషి పేరు కూడా అదే వాక్యంలో రావాలి.

అమినోప్టెరిన్ కంటే కొంత తక్కువ విషపూరితమైన తోబుట్టువు మెథోట్రెక్సేట్ త్వరలోనే దాని స్థానం తీసుకుంది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌ల 6-మెర్కాప్టోప్యూరిన్ 1950ల్లో వచ్చింది. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి 1960ల్లో విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఒక్కొక్క మందుకు కణాలు త్వరలోనే లొంగడం మానేస్తాయి. అందుకే మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ అన్నిటినీ కలిపి, మెదడు చుట్టూ దాక్కున్న కణాలకు కూడా చికిత్స చేర్చి, రెండు మూడేళ్లు వరుసగా నడిపించాడు. 1967లో మొదలైన ఆయన ఐదో అధ్యయనంలో సగం మంది పిల్లలు జబ్బు నుంచి బయటపడ్డారు. ‘తాత్కాలికంగా’ అన్న మాట అక్కడితో పోయింది.

మందులకు లొంగని వారికి ఏమిటి దారి? చెడిపోయిన మూలుగను మందులతోనో కిరణాలతోనో పూర్తిగా తుడిచివేసి, మరొకరి మూలుగ ఎక్కించాలన్నది డొనాల్ థామస్ ఆలోచన. 1957లో ఆయన ప్రకటించిన ఆరుగురు రోగుల్లో ఎవరూ నూరు రోజులు దాటి బతకలేదు. చాలామంది ఈ ప్రయత్నాన్ని వదిలేశారు, ఆయన వదలలేదు. దాత కణాలను రోగి శరీరం ఎందుకు తిరస్కరిస్తుందో, దాత కణాలే రోగి శరీరం మీద ఎందుకు తిరగబడతాయో తెలియడానికి ఫ్రాన్సులో జాఁ దొస్సే 1958లో బయటపెట్టిన, కణాల మీద ఉండే హెచ్.ఎల్.ఎ. గుర్తులు ఆధారమయ్యాయి. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కలక్‌లు రక్తానికి తల్లికణాలు, అంటే మూలకణాలు ఉన్నాయని ఎలుకల్లో చూపారు. 1977లో థామస్ బృందం, ఇతర చికిత్సలన్నీ విఫలమైన 100 మందికి మార్పిడి చేస్తే 13 మంది ఏళ్ల తరబడి నిలిచారని రాసింది. ఆ 13 మంది అంతకుముందు ఒక్కరూ నిలవని చోట నిలిచినవారు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

హెచ్.ఎల్.ఎ. గుర్తులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. కాబట్టి ఒక్కో తోబుట్టువుకూ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఉన్న మన కుటుంబాల్లో ఒక్కోసారి తండ్రిగానీ మేనమామగానీ కూడా సరిపోతారు. మూలుగ అనగానే జనం వెన్నెముక లోంచి తీస్తారని భయపడతారు. అది అపోహ. మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు. ఇప్పుడైతే ఎక్కువగా, కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పించి, చేతి రక్తనాళం నుంచే యంత్రంతో వేరు చేస్తారు. దాత మూలుగ మళ్లీ నిండుతుంది. సగమే సరిపోయిన తల్లి, తండ్రి, బిడ్డల నుంచి కూడా మార్పిడి చేసే పద్ధతి గత రెండు దశాబ్దాల్లో స్థిరపడింది.

భారతదేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో సురేశ్ అద్వానీ చేశారు. వెల్లూరు సి.ఎం.సి.లో 1986లో మొదలైంది. 1984 నుంచి ముంబయి, ఢిల్లీ, మద్రాసు కేంద్రాలు కలిసి నడిపిన ఎం.సి.పి.-841 అనే మందుల చికిత్సాక్రమం వేలాది మంది పిల్లలకు ఆసరా అయింది. మైలాయిడ్‌లో ఒక ప్రత్యేక రకం ఆర్సెనిక్ ఒక్కదానితోనే నయమవుతుందని వెల్లూరు వైద్యులు చూపిన తీరు, ఖర్చు తక్కువ కాబట్టి, మన దేశానికి ఎంతో ముఖ్యమైనది. 2023లో ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రోగి రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్సకు దేశీయంగా అనుమతి వచ్చింది.

ఇదంతా కర్నూలు జిల్లా హొళగుందకు ఎంత దూరం? కర్ణాటక సరిహద్దున ఉన్న ఆ మండలం నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు పైనే. కర్నూలు వైద్య కళాశాల ప్రాంగణంలో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ వెలిసింది. మూలకణ మార్పిడికి హైదరాబాదులో నిమ్స్, బసవతారకం ఉన్నాయి, కర్ణాటక వైపు బెంగళూరు ఉంది. ఆదోని మీదుగా పోయే రైలుమార్గం ముంబయి దాకా తీసుకుపోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల కీమోథెరపీ పేదల అందుబాటులోకి వచ్చింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. లింఫోబ్లాస్టిక్ రకానికి చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. అందులో ఎక్కువ కాలం ఇంట్లో మాత్రలు వేసుకుంటూ, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకుంటూ గడపాలి. ఆదోని, హొళగుంద పల్లెల నుంచి వానలు లేని ఏడాది కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప, పత్తి చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. బిడ్డ ఆరోగ్యంగా కనిపిస్తుంటుంది గనుక మాత్రలు ఆగిపోతాయి. ఆగితే జబ్బు తిరగబెట్టవచ్చు. తిరగబెట్టిన జబ్బు మొదటిసారి లొంగినట్టు లొంగదు.

కాబట్టి సుగ్గికి బయలుదేరే ముందు మాత్రలు, చీటీ మూటలో పెట్టుకోండి. అక్కడ రక్తపరీక్ష ఎక్కడ చేయించాలో డాక్టరు చేత రాయించుకోండి. మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేయవలసిన మాత్ర. సుబ్బారావు పరిశోధనశాల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. దాన్ని రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు.