సన్మానం, నిధి, సంచిక: విశాఖ మనోవిజ్ఞాన చరిత్ర నుంచి కొన్ని పరిశీలనలు

వృత్తిసంఘాలు తమలోని పెద్దలను సత్కరించే సందర్భాన్నే నిధి సేకరణకు వినియోగించుకోవడం అమెరికాలో స్థిరపడిన ఆచారం. అక్కడి మనోవిజ్ఞానవేత్తల సంఘం 1892లో ఏర్పడింది. విరాళాలు స్వీకరించి శాస్త్రాభివృద్ధికి ఖర్చు పెట్టేందుకు 1953లో అమెరికన్ సైకలాజికల్ ఫౌండేషన్ వెలసింది. 1956 నుంచి ఆ ఫౌండేషన్ వయోవృద్ధులైన శాస్త్రవేత్తలకు స్వర్ణపతకాలు ఇస్తోంది. తొలి పతకం రాబర్ట్ వుడ్‌వర్త్‌కు దక్కింది. ఇటువంటి సంఘాల సత్కార విందులో అతిథి తన భోజనానికయ్యే ఖర్చుకంటే ఎక్కువే చెల్లిస్తాడు. ఆ మిగులు సంఘం పనులకు చేరుతుంది. సత్కారం పొందే వ్యక్తి అక్కడ దాతా కాదు, గ్రహీతా కాదు. ఇతరులు ఇవ్వడానికి ఆయన పేరు నిమిత్తమవుతుంది.

తెలుగునాట సన్మానానికి సుదీర్ఘ చరిత్ర ఉంది గాని, అందులో ధనం నడిచిన దిశ వేరు. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి జరిగిన కనకాభిషేకంలోనూ, పెద్దనకు కృష్ణరాయలు తొడిగిన గండపెండేరంలోనూ గ్రహీత సన్మానితుడే. అదే శ్రీనాథుడు చివరి రోజుల్లో పన్ను బకాయి కట్టలేక అవస్థపడ్డాడని చాటు సంప్రదాయం చెబుతుంది. ఆ కథలోని చారిత్రకత ఎంతైనా, వ్యక్తికి అందిన బంగారం సంస్థగా నిలవలేదన్న గ్రహింపు మాత్రం అందులో ఉంది. నిలవాలని ఎవరూ ఆశించనూ లేదు. అది రాజు తన కీర్తికి పెట్టుకున్న పెట్టుబడి.

ఈ దిశ మారిన ఘట్టాన్ని పరిశీలించడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితం అనువైనది. తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన ఆయన మనోవిజ్ఞానం కూడా బోధించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉన్న కాలంలో, 1912లో, ఆ శాస్త్రంపై ఒక ప్రాథమిక గ్రంథం వెలువరించారు. 1921లో మైసూరు నుంచి కలకత్తాకు బయలుదేరినప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పేసి, ఆయన బండిని తామే రైల్వేస్టేషను దాకా లాగారు. ఇది పూర్తిగా పాత పద్ధతి సన్మానం, గజారోహణకు ఆధునిక రూపం. 1931 నుంచి 1936 వరకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. 1962లో రాష్ట్రపతి అయినప్పుడు తన జన్మదినాన్ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరపమని సూచించారని ప్రతీతి. ఆ ఏడాదే జాతీయ ఉపాధ్యాయ సంక్షేమ నిధి సంస్థ ఏర్పడింది. సెప్టెంబరు 5న బడిపిల్లలకు చిన్న జెండాలు అమ్మి సొమ్ము పోగుచేసే పద్ధతి దానితోనే వచ్చింది. ఇక్కడ సన్మానితుడు రాష్ట్రపతి, గ్రహీత ఊరూపేరూ తెలియని బడిపంతులు. విందు లేదు, శాలువా లేదు. వృత్తిలోని ఒక పెద్ద పేరు మీద ఆ వృత్తి మొత్తానికి నిధి సమకూర్చడం మనకు ఇంత విస్తృతంగా పరిచయమైనది ఇక్కడే అని నా అభిప్రాయం.

విశాఖపట్నంలో ఈ చర్చకు మరింత దగ్గరి ఉదాహరణ ఆచార్య కోనేరు రామకృష్ణారావు. 1960ల తొలి భాగంలో ఆయన అమెరికాలో జె.బి. రైన్ వద్ద పరిశోధన చేశారు. రైన్ 1962లో నెలకొల్పిన సంస్థ ప్రైవేటు విరాళాల మీద నడిచింది. జిరాక్స్ యంత్రానికి మూలమైన ప్రక్రియను కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ వంటి ధనికులు ఆ రంగానికి పోషకులు. దాతల ఆసక్తి మీద శాస్త్రం ఎలా బతుకుతుందో రామకృష్ణారావు కళ్ళారా చూశారు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన స్థాపించిన మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖ మాత్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయ నిధులతో నిలిచింది. జీతాలు ఖజానా నుంచి వచ్చే శాఖకు విందు పెట్టి చందాలు అడగాల్సిన అగత్యం లేదు. ఇది సౌలభ్యమే. అయితే పూర్వ విద్యార్థులకూ శాఖకూ మధ్య ఇచ్చిపుచ్చుకునే బంధం అలవాటు కాకపోవడానికి ఇదీ ఒక కారణమే. పరామనోవిజ్ఞాన ఫలితాలపై శాస్త్రలోకంలో ఉన్న తీవ్ర ఆక్షేపణలు వేరే చర్చ. సంస్థాచరిత్ర దృష్ట్యా మాత్రం ఈ తేడా ముఖ్యం.

రామకృష్ణారావు తన పెద్దను గౌరవించిన తీరు గమనార్హం. 1980లో రైన్ మరణించాక, 1982లో ఆయనపై ఒక వ్యాససంపుటికి సంపాదకత్వం వహించారు. మనోవిజ్ఞానంలో ఇది పాత దారి. 1902లో వుంట్ డెబ్బయ్యో ఏట శిష్యులు ఆయనకు సమర్పించిన సంపుటాలు ప్రసిద్ధాలు. తెలుగువారికీ ఇది కొత్తది కాదు. 1933లో గిడుగు రామమూర్తి పంతులుకు డెబ్బయ్యేళ్ళు నిండినప్పుడు పండితులు వ్యాససంపుటి అందించారు. రామకృష్ణారావుకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో కన్నుమూశారు. పురస్కారాల జాబితా ఎవరైనా రాయగలరు. ఎవరు ఎవరికి శిష్యులు, ఎవరితో ఎవరికి విభేదం, ఏ పరిశోధన మధ్యలో ఆగింది అన్నవి సహోద్యోగులు రాసిన సంచికల్లోనే దొరుకుతాయి.

ఈ మాట ఆచార్యులకే పరిమితం కాదు. నగరానికి దక్షిణాన, ఉక్కు కర్మాగారం ముఖద్వారం ఉన్న కూర్మన్నపాలెం పరిసరాల్లో పదవీ విరమణ సభలు సర్వసాధారణం. సహోద్యోగులు తలా కొంత వేసుకుంటారు. దండ, శాలువా, జ్ఞాపిక, భోజనాలు. వాటితోపాటు ఒక సన్మానపత్రం. వక్తల పొగడ్తలు పక్కన పెడితే, పుట్టిన ఊరు, చేరిన సంవత్సరం, పనిచేసిన విభాగాలు ఆ పత్రంలో ఉంటాయి. ఈ కర్మాగారం కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి, 1971లో శంకుస్థాపన జరిగింది, పదుల సంఖ్యలో గ్రామాలు భూములు వదులుకున్నాయి. ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో కార్మికుల దీక్షా శిబిరం వెలసినదీ కూర్మన్నపాలెంలోనే. నిర్వాసిత కుటుంబం నుంచి వచ్చి ఉద్యోగం చేసి విరమించిన మనిషికి సంబంధించిన అచ్చు ఆధారం చాలాసార్లు ఆ ఒక్క పత్రమే.

మన గ్రంథాలయాలు అభినందన సంచికలను పుస్తకాలుగా కొంతవరకైనా చేర్చుకుంటాయి. సన్మానపత్రం, చందాదారుల పట్టిక, ఆహ్వానపత్రిక చేర్చుకోవు, వాటికి వర్గసంఖ్య లేదు గనుక. అవి చట్రం కట్టి ముందుగదిలో వేలాడతాయి. ఇల్లు మారినప్పుడు అటక ఎక్కుతాయి. ఉక్కునగరంలో తొలితరం ఉద్యోగులు అధికభాగం విరమించారు, క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి. ఒక్కో కాలనీకి ఒక్కో పరిశోధక విద్యార్థి వెళ్ళి ఈ పత్రాల నకళ్ళు తీయడానికి ఒక వేసవి సెలవు చాలు.