బస్తా మోసే నడుము, బార్‌బెల్ ఎత్తే నడుము

2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో, పురుషుల 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ విభాగంలో, బాపట్ల మండలం స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ బంగారు పతకం గెలిచాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. అంతకు నాలుగేళ్ల ముందే నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్నాడు. ఇలాంటి విజయం ఫొటో చూసినప్పుడు మన కళ్లు ముందు భుజాల మీదికి, తొడల మీదికి పోతాయి. కానీ 187 కిలోలు తలపైన నిలిచిన ఆ రెండు మూడు క్షణాల్లో అన్నిటికన్నా కష్టమైన పని చేస్తున్నది కదలకుండా ఉన్న భాగం. అది పక్కటెముకలకూ తుంటికీ మధ్య ఉన్న నడుము. కాళ్లు పుట్టించిన బలం చేతులకు చేరాలంటే నడుమే దారి. ఆ దారి ఒక్క వేలెడు వంగినా బరువు ముందుకో వెనక్కో పడిపోతుంది. ఈ రోజుల్లో జిమ్‌ల గోడల మీద, ఫిజియోథెరపీ క్లినిక్‌ల బోర్డుల మీద కనిపించే ‘కోర్ స్టెబిలిటీ’ అన్న మాటకు అర్థం ఇంతే. తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పెద్ద పనికి పూనుకునేవాడు ‘నడుం బిగించాడు’ అంటాం గానీ, చేతులు బిగించాడని అనం.

నడుముకు ఆ బిగి ఎంత అవసరమో తేల్చిన ప్రయోగం ఒకటుంది. కండరాలన్నీ తీసేసి ఎముకలు, డిస్కులు, లిగమెంట్లు మాత్రమే మిగిల్చిన నడుము వెన్నును నిలబెట్టి పైనుంచి నొక్కితే, సుమారు 9 కిలోల బరువుకే అది పక్కకు ఒరిగిపోయింది. రెండు బిందెల నీళ్లంత బరువు కూడా కాదు. మరి బతికున్న మనిషి వెన్ను ఇంత మోత ఎలా మోస్తోంది? భారతదేశంలో పుట్టి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోహర్ పంజాబీ 1992లో దీనికి ఒక చక్కని వివరణ ఇచ్చారు. వెన్ను నిలబడడానికి మూడు వ్యవస్థలు కలిసి పనిచేయాలన్నారు: ఎముకలూ లిగమెంట్లూ ఒకటి, చుట్టూ ఉన్న కండరాలు రెండోది, ఏ కండరం ఎప్పుడు ఎంత బిగియాలో చెప్పే నాడులు మూడోది. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1996లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ నడుంనొప్పి ఉన్న 15 మందినీ లేని 15 మందినీ కూర్చి చేయి గబుక్కున పైకెత్తమన్నారు. ఆరోగ్యవంతుల్లో చేయి కదలకముందే పొట్ట లోపలి పొరలోని అడ్డ కండరం బిగిసింది. నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యంగా బిగిసింది. 

ఆ చిన్న ప్రయోగం మీద పెద్ద వ్యాపారమే లేచింది. పొట్ట లోపలి కండరాన్ని విడిగా బిగించడం నేర్చుకుంటే చాలు, నొప్పి మాయమవుతుందన్న నమ్మకం ప్రపంచమంతా పాకింది. అక్కడే కథ దారి తప్పిందని నా వాదన. నడుమును బాగుచేసేదీ పాడుచేసేదీ ఏదో ఒక్క కండరం కాదు. ఎంత బరువు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విశ్రాంతి, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది అన్న నాలుగు విషయాలే దాన్ని తేలుస్తాయి. దీనికి కృష్ణా పశ్చిమ డెల్టాకన్నా మంచి సాక్ష్యం నాకు తోచడం లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ ఉన్న ఈ నేలలో నడుము చరిత్ర నూట డెబ్బై ఏళ్లుగా కళ్ల ముందే ఉంది.

1852లో మొదలై 1855లో కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఈ ప్రాంతాన్ని వరి దేశంగా మార్చింది. తెనాలి ఊరి నడుమ నుంచే మూడు కాలువలు పారతాయి. ఆ నీళ్లతో అన్నం వచ్చింది, దాంతో పాటే ఒక భంగిమ కూడా వచ్చింది. నాట్లు వేసే మనిషిని దగ్గరగా చూడండి. మోకాళ్లు దాదాపు నిటారుగా ఉంటాయి, వంపంతా నడుములోనే. ఎడమచేతిలో నారు కట్ట, కుడిచేతి వేళ్ల మధ్య రెండు మూడు మొక్కలు. గుచ్చడం, వెనక్కి ఒక అడుగు వేయడం, బురదలోంచి పాదం పెరికి మళ్లీ గుచ్చడం. గట్టు చేరేదాకా తల పైకెత్తరు. పూర్తిగా వంగినప్పుడు వెన్ను కండరాలు పని మానేసి మౌనంగా ఉండిపోతాయని ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1950ల్లోనే కనిపెట్టారు. ఆ సమయంలో పైభాగం బరువంతా లిగమెంట్ల మీద, డిస్కుల మీద వేలాడుతుంది. గంటల తరబడి అలా సాగిన లిగమెంట్ వెంటనే యథాస్థితికి రాదు. అందుకే సాయంత్రం గట్టెక్కి నిటారుగా నిలబడబోయే మనిషి రెండు చేతులూ నడుముకు ఆనించుకుంటుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు భూములకు కాలువ నీరు ఆలస్యంగా అందుతుంది. అదను దాటకుండా నాట్లు ముగించాలన్న తొందరలో విశ్రాంతి ముందుగా పోయేది కూలీ నడుముకే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మనం సాంబ మసూరి అని ఇష్టంగా తినే బియ్యం, దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆ పేరులో నాట్లు వేసిన ఆడవాళ్ల వాటా ఎవరూ రాయలేదు.

పంట ఇంటికొచ్చాక మోత మొదలవుతుంది. తెనాలి రైసు మిల్లుల్లో, దుగ్గిరాల పసుపు యార్డులో ముఠా కూలీలు తువ్వాలు తలకు చుట్టుకునో నడుముకు బిగించుకునో బస్తా వీపున ఎక్కించుకుంటారు. నడుముకు బిగించిన తువ్వాలు చేసే పనే వెయిట్‌లిఫ్టర్ తోలు బెల్టూ చేస్తుంది. ఊపిరి బిగబట్టి పొట్టగోడను ఆ బెల్టుకు ఎదురు నొక్కితే కడుపులో ఒత్తిడి పెరిగి వెన్నుకు లోపలి నుంచి ఊతం దొరుకుతుంది. చేసే పనిలో ఇద్దరికీ తేడా లేదు. కానీ లిఫ్టర్ ఒక ఎత్తు ఎత్తి నిమిషాల కొద్దీ కూర్చుంటాడు. బరువు కిలోల లెక్కన పెంచుకుంటాడు. ఒంట్లో బాగోకపోతే ఆరోజు బార్ ముట్టడు, పక్కన శిక్షకుడు ఉంటాడు. ముఠా కూలీకి బస్తా లెక్కన డబ్బు. ఆగితే ఆరోజు కూలి తగ్గుతుంది. ధాన్యం బస్తా మన జిల్లాల్లో 75 కిలోలు. ఆ బరువు అతను ఎంచుకున్నది కాదు. తాడి చెట్టెక్కే గీత కార్మికుడికీ, సూర్యలంక ఇసుకలో కాళ్లు పూడ్చి అలివి వల లాగే మత్స్యకారుడికీ ఇదే వర్తిస్తుంది. ఈ పనులన్నీ ఈనాటి ‘ఫంక్షనల్ ట్రైనింగ్’ పుస్తకంలో ఉన్నవే: ఎక్కడం, లాగడం, మోయడం, జారే నేల మీద నిలదొక్కుకోవడం. జిమ్‌లో అదే తాడు లాగడానికి నెలకు ఫీజు కడుతున్నాం.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. ఇలాంటి పనులు నడుముకు మంచివైతే, జీవితమంతా అవే చేసిన కూలీకి నడుంనొప్పి ఎందుకు? దీనికి జవాబు మోతాదులో ఉంది. కండరం గానీ ఎముక గానీ డిస్కు గానీ బరువు పడినప్పుడు కొద్దిగా నలుగుతుంది, విశ్రాంతిలో కోలుకుని మునుపటికన్నా గట్టిపడుతుంది. కోలుకోకముందే మళ్లీ బరువు పడితే నలుగుడు పేరుకుంటుంది. ఒకే పని ఒకరిని బలవంతుణ్ని చేసి ఇంకొకరిని పడుకోబెట్టడంలో వింతేమీ లేదు. పాత రోజుల పనే గొప్పదని, ఇప్పటివాళ్లు సుఖానికి అలవాటుపడ్డారని అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ పని చాలామంది నడుములు విరిచింది. అందులోని కదలికను తీసుకుని, అందులోని బలవంతాన్ని వదిలేయాలి.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. బలం రక్తంలో ఉంటుందని, స్టూవర్టుపురం వాళ్లది పుట్టుకతో వచ్చిన దేహదారుఢ్యమని. ఈ మాట ప్రశంసలాగే వినిపిస్తుంది గానీ దాని వెనుక ఉన్న చరిత్ర చేదు. తీరం నుంచి ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తిరుగుతూ వ్యాపారం చేసిన ఎరుకల వాళ్లను రైళ్లొచ్చి దెబ్బతీశాయి. ఆపైన బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద వాళ్లను పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టింది. 1913లో మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ ఊరు సెటిల్‌మెంటుగా వెలిసింది. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. నేరం రక్తంలో ఉందన్న మాట ఎంత అబద్ధమో, బలం రక్తంలో ఉందన్న మాటా అంతే. రాహుల్‌ను నిలబెట్టినవి క్రీడా శిక్షణ, తిండి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెంచిన బరువులు. 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లి, ఆ తర్వాత ‘నర్తనశాల’లో భీముడిగా కనిపించిన కృష్ణా జిల్లా దండమూడి రాజగోపాలరావుదీ అదే దారి.

బలం అనగానే బరువులే గుర్తుకొస్తాయి గనుక ఒక నటుణ్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలతో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మైకులు లేని కాలపు నటులు వెనుక వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడేలా పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసేవారు. ఆ ఊపిరిని నడిపేది ఉదరవితానం, అంటే ఛాతీకీ కడుపుకూ మధ్య ఉన్న కండరపు పొర. చేయి కదలబోయే ముందు ఈ పొర కూడా ముందుగా బిగిసి వెన్నుకు దన్ను ఇస్తుందని 1997లో హాడ్జెస్ బృందమే చూపింది. నడుము గట్టితనానికి పైకప్పు ఊపిరే. ఊపిరి పూర్తిగా బిగబట్టి ప్లాంక్ చేస్తూ వణికిపోయేవాళ్లకన్నా, నిలకడగా గాలి పీలుస్తూ పాడగలిగిన రంగస్థల నటుడికి ఈ విద్య బాగా తెలుసనిపిస్తుంది.

కోర్ వ్యాయామాలు చేసి నొప్పి తగ్గిందని చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లది భ్రమా అంటే, కాదు. నొప్పి తగ్గిన మాట నిజం, దానికి చెప్పుకున్న కారణంలోనే తేడా ఉంది. ఆ ప్రత్యేక కండరాల వ్యాయామాలపై 2016లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 29 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. దీర్ఘకాలిక నడుంనొప్పికి అవి పనికొస్తాయి గానీ, మిగతా వ్యాయామాలను మించి చెప్పుకోదగ్గ మేలు చేయవని తేలింది. 2021లో అదే సంస్థ 249 ప్రయోగాలను కలిపి చూసి, ఏ వైద్యమూ లేకుండా ఉండడంకన్నా వ్యాయామం నొప్పిని తగ్గిస్తుందని చెప్పింది. మామూలు పనులకు నడుము కండరాల్లో కొద్దిపాటి బిగింపే చాలునని కూడా పరిశోధకులు లెక్కగట్టారు. రోజంతా పొట్ట లోపలికి లాక్కుని తిరగనక్కర్లేదు. ఇది పేదవాడికి శుభవార్త. ఏ యంత్రమూ కొనక్కర్లేదు. ఒక చేత్తో సగం నిండిన బకెట్ పట్టుకుని పక్కకు ఒరగకుండా పెరట్లో నాలుగు సార్లు నడవడం, పీట మీద నుంచి చేతుల ఊతం లేకుండా లేవడం, చేతులూ మోకాళ్లూ నేల కానించి కుడిచేయీ ఎడమకాలూ చాచి పదంకెలు లెక్కపెట్టడం చాలు. ఈ వారం నాలుగు సార్లు చేస్తే వచ్చే వారం ఐదు సార్లు. నొప్పి కాస్త ఉన్నా కదలికలు మానక్కర్లేదు, మర్నాటికి పెరిగిందంటే లెక్క తగ్గించాలి.

దీనికీ ఒక హద్దుంది. కాలు పట్టు తప్పుతున్నా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కిందపడిన తర్వాత మొదలైన నొప్పైనా వ్యాయామం పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన నడుంనొప్పుల్లో ఎక్కువభాగం స్కానింగ్‌లో ఏ కారణమూ కచ్చితంగా తేలనివే. వాటికి మంచం మీద పడుకోవడం వైద్యం కాదు.

ఈ వ్యాయామం చదువుకున్న ఇళ్లకు చేరినా, బస్తా కింద ఉన్న మనిషికి చెప్పగలిగింది తక్కువ. అతనికి కావలసింది బరువు తగ్గడం. ఒక్క మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటితే వీలైనంత త్వరగా ఆ మేరకు తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. గాయం చేసేంత బరువు మోయించకూడదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. కానీ పొలం గట్టు, కల్లం ఆ చట్టంలో ఫ్యాక్టరీ కింద లెక్కకు రాలేదు. తెనాలి మిల్లర్లూ, మార్కెట్ కమిటీలూ, రైతు సంఘాలూ కూర్చుని ధాన్యం బస్తాను 50 కిలోలకు దించాలి. రేటు 75 కిలోలకే చెప్పుకున్నా సరే, మోత మాత్రం 50కి దిగాలి. సిమెంటు బస్తా 50 కిలోలే, పౌర సరఫరాల బియ్యం బస్తా కూడా 50 కిలోలే.