థైరాయిడ్ వ్యాధులు

మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కొంచెం దిగువగా, శ్వాసనాళాన్ని ఆనుకొని సీతాకోకచిలుక ఆకారంలో ఉండే వినాళ గ్రంథిని థైరాయిడ్ గ్రంథి లేదా అవటు గ్రంథి అంటారు. ఈ గ్రంథి స్రవించే హార్మోన్లు తగ్గడం వలన గాని, పెరగడం వలన గాని, గ్రంథి వాచడం లేదా దానిలో గడ్డలు ఏర్పడడం వలన గాని కలిగే వ్యాధులను థైరాయిడ్ వ్యాధులు అంటారు. ఇవి పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో అధిక భాగం సామాన్యమైన రక్తపరీక్షతో బయటపడేవి, చికిత్సకు లొంగేవి.

గ్రంథి పనిచేసే విధానం

పెద్దవారిలో ఈ గ్రంథి బరువు సుమారు 15 నుండి 20 గ్రాములు. ఇది ప్రధానంగా థైరాక్సిన్ (టి4), కొద్ది మోతాదులో ట్రై అయొడో థైరోనిన్ (టి3) అనే హార్మోన్లను తయారు చేస్తుంది. వీటి తయారీకి అయొడిన్ అవసరం. థైరాక్సిన్ అణువులో నాలుగు, టి3లో మూడు అయొడిన్ పరమాణువులు ఉంటాయి. శరీర కణజాలాలలో టి4 నుండి టి3 ఏర్పడి, జీవక్రియల వేగాన్ని, శరీర ఉష్ణోగ్రతను, గుండె వేగాన్ని, పిల్లలలో మెదడు మరియు ఎముకల పెరుగుదలను ప్రభావితం చేస్తుంది.

ఈ గ్రంథిని మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోను ద్వారా అదుపు చేస్తుంది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, థైరాక్సిన్ పెరిగితే టి.ఎస్.హెచ్. తగ్గుతుంది. అందువల్ల పరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటే గ్రంథి అతిగా పనిచేస్తున్నదని పొరబడరాదు. సాధారణంగా దాని అర్థం గ్రంథి తగినంతగా పనిచేయడం లేదని.

హైపోథైరాయిడిజం

హార్మోన్లు తక్కువగా స్రవించబడే స్థితి ఇది. అయొడిన్ తగినంతగా లభించే ప్రాంతాలలో దీనికి ముఖ్య కారణం హషిమోటో వ్యాధి. ఇందులో శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన గ్రంథినే శత్రువుగా భావించి నాశనం చేస్తుంది. జపాను వైద్యుడు హషిమోటో హకారు దీనిని 1912లో వర్ణించాడు. థైరాయిడ్ శస్త్రచికిత్స, రేడియోధార్మిక అయొడిన్ చికిత్స, లిథియం వంటి కొన్ని మందులు ఇతర కారణాలు.

ముఖ్య లక్షణాలు:
- అలసట, మందకొడితనం, మతిమరుపు
- చలిని తట్టుకోలేకపోవడం
- కొద్దిగా బరువు పెరగడం, మలబద్ధకం
- చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, గొంతు బొంగురుపోవడం
- స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం

ఈ లక్షణాలు మెల్లమెల్లగా కలుగుతాయి. కనుక చాలామంది వీటిని వయసు ప్రభావమని, పని ఒత్తిడి అని సరిపెట్టుకుంటారు. పిల్లలలో ఎత్తు పెరగకపోవడం, చదువులో వెనుకబడడం కూడా దీని సూచనలు కావచ్చు. అటువంటి పిల్లవాడిని సోమరి అని నిందించే ముందు వైద్యునికి చూపించడం మంచిది.

1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ వ్యాధికి చికిత్స చేశాడు. 1914లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరు చేశాడు. నేడు కృత్రిమంగా తయారైన లెవోథైరాక్సిన్ మాత్రలు వాడుతున్నారు. మాత్రను ఉదయం పరగడుపున నీటితో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, అల్పాహారం తీసుకోకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు దీనికి మధ్య సుమారు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన 6 నుండి 8 వారాల తరువాత టి.ఎస్.హెచ్. మరల పరీక్షిస్తారు. పరీక్ష ఫలితం సరిగా వచ్చినది మాత్ర వలననే. వ్యాధి నయమైనదని తలచి సొంతంగా మానివేస్తే లక్షణాలు తిరిగి వస్తాయి.

గర్భిణులు, నవజాత శిశువులు

గర్భం తొలి నెలలలో శిశువు మెదడు పెరుగుదల తల్లి థైరాక్సిన్ పైననే ఆధారపడి ఉంటుంది. అందుచేత మాత్రలు వాడుతున్న స్త్రీ గర్భం దాల్చినట్లు తెలిసిన వెంటనే వైద్యుని సంప్రదించాలి. సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది. మాత్ర శిశువుకు హాని చేస్తుందనే భయంతో మానరాదు.

కొందరు శిశువులు గ్రంథి లేకుండా, లేదా సరిగా పనిచేయని గ్రంథితో జన్మిస్తారు. పుట్టిన వెంటనే వీరు చాలావరకు ఆరోగ్యంగానే కనిపిస్తారు. చికిత్స ఆలస్యమైతే మెదడుకు కలిగే నష్టం తరువాత పూడ్చలేనిది; దీనినే పాఠ్యపుస్తకాలలో క్రెటినిజం అంటారు. మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో దీనిని గుర్తించవచ్చు. మొదటి రెండు వారాలలో చికిత్స ప్రారంభిస్తే పిల్లలు సాధారణంగా పెరుగుతారు.

హైపర్‌థైరాయిడిజం

హార్మోన్లు అధికంగా స్రవించబడే స్థితి ఇది. ముఖ్య కారణం గ్రేవ్స్ వ్యాధి. ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీనిని వర్ణించాడు. బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండెదడ, చేతుల వణుకు, అధిక చెమట, నిద్రలేమి, చిరాకు దీని లక్షణాలు. కొందరిలో కనుగుడ్లు ముందుకు పొడుచుకు వస్తాయి. ధూమపానం ఈ కంటి బాధను అధికం చేస్తుంది.

చికిత్సలు మూడు విధాలు:
- మందులు: కార్బిమజోల్, మెథిమజోల్ వంటివి. వీటివల్ల అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గుతాయి. కనుక జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి, వెంటనే వైద్యుని కలసి రక్తపరీక్ష చేయించాలి.
- రేడియోధార్మిక అయొడిన్: ఇది గ్రంథి కణాలను నశింపజేస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరాదు.
- శస్త్రచికిత్స: గ్రంథిని తొలగించడం. తరువాత జీవితాంతం థైరాక్సిన్ వాడవలసి ఉంటుంది.

గాయిటర్, అయొడిన్ ఉప్పు

గ్రంథి వాచడాన్ని గాయిటర్ లేదా గళగండం అంటారు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ కావాలి. నేలలో అయొడిన్ తక్కువగా ఉన్న హిమాలయ ప్రాంతాలలో ఈ వ్యాధి పూర్వం విస్తారంగా ఉండేది. శ్రీకాకుళంలో జన్మించిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి తన సహచరులతో కలిసి 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఒక పరిశోధన ప్రారంభించాడు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. అయొడిన్ ఉప్పు వాడిన మండలాలలో గాయిటర్ గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2006 మే నుండి అయొడిన్ కలపని ఉప్పును నేరుగా ఆహారంలో వాడుకకు అమ్మడంపై దేశవ్యాప్త నిషేధం అమలులోకి వచ్చింది. ఈ ఉప్పును మూత గల డబ్బాలో, తేమ తగలకుండా ఉంచాలి.

గడ్డలు, క్యాన్సర్

థైరాయిడ్‌లోని గడ్డలలో అధికభాగం క్యాన్సర్ కానివే. అల్ట్రాసౌండ్ పరీక్ష చేసి, అవసరమైతే సన్నని సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు. త్వరగా పెరిగే గడ్డ, గొంతు మారడం, మింగడానికి కష్టం కావడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయరాదు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకం సకాలంలో చికిత్స చేస్తే చాలావరకు నయమవుతుంది.

ఆహారం

క్యాబేజీ, కాలిఫ్లవర్ పూర్తిగా మానివేయాలనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. వీటిని వండుకొని మితంగా తినడం వలన సాధారణంగా హాని లేదు. వైద్య సలహా లేకుండా అధిక మోతాదులో అయొడిన్ మందులు వాడడం మాత్రం గ్రంథికి మేలు కంటే కీడు చేయవచ్చు.