పాడుపడని ‘పాడు’

మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఊరివాణ్ణి గనక పులికాట్ సరస్సుకు వెళ్ళినా గుడ్డ కథే వెతుక్కున్నాను. మన ప్రళయకావేరే అది! తమిళనాడు వైపు ఒడ్డున డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. మన తీరపు అద్దకం గుడ్డలు తూర్పు దీవులకు పంపి, సుగంధద్రవ్యాలు కొనేవారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి పరమైంది. కోట పాడుపడి ముళ్ళకంపల పాలైంది. డచ్చివారి సమాధులు మాత్రం మిగిలాయి.

అక్కడ జాలర్లకూ ఓ ‘పాడు’ ఉంది. అది మాత్రం పాడుపడలేదు! చేపలు బాగా పడే తావులకు చీట్లు వేసి, వంతులవారీగా వలలు వేస్తారు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే వంతు. అయితే ఆ హక్కు కొన్ని కులాలదే. తక్కినవాళ్ళు మంచి తావులకేసి చూస్తూ ఉండాల్సిందే.

1938లో మాచాని సోమప్పగారు మా ఊరి నేతగాళ్ళకు సహకార సంఘం పెట్టారు. కోటల కన్నా వంతులే గట్టివి. కాకపోతే ఆ చీట్లలో అందరి పేర్లూ ఉండాలి!