బహుప్రసవ గర్భిణులు: పొంచి ఉన్న ముప్పులు, తీసుకోవలసిన జాగ్రత్తలు

న్యూఢిల్లీ: నలుగురైదుగురు బిడ్డలను కన్న స్త్రీకి తరువాతి కాన్పు సులభమన్న నమ్మకం సమాజంలో బలంగా ఉంది. ఆ ధీమాతోనే పరీక్షలకు వెళ్లకపోవడం, నొప్పులు వచ్చినా ఇంటివద్దే వేచి ఉండటం జరుగుతోంది. ఇది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. డబ్లిన్ వైద్యుడు బెథెల్ సాలమన్స్ 1934లోనే లాన్సెట్ పత్రికలో దీనిపై హెచ్చరించారు.

ఎవరిని బహుప్రసవ అంటారు?

అయిదు లేదా అంతకు మించి ప్రసవాలు జరిగిన స్త్రీని వైద్య పరిభాషలో గ్రాండ్ మల్టీపారా అంటారు.

రాజధాని ప్రాంతంలో

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు దేశంలో 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, ఢిల్లీలో 1.6. అయితే సగటు అంకెలు అన్ని కుటుంబాల స్థితిని చెప్పవు. జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉన్న హర్యానాలోని నూహ్ (పూర్వపు మేవాత్) జిల్లాలో పెద్ద కుటుంబాలు నేటికీ కనిపిస్తాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత ప్రసవానికి ఉద్దేశించిన జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ 1న మేవాత్‌లోనే ప్రారంభమైంది.

ముప్పులు

ప్రసవానంతరం గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే రక్తనాళాలు మూసుకుంటాయి. పలు కాన్పులతో ఆ శక్తి సన్నగిల్లితే తీవ్ర రక్తస్రావం కావచ్చు. అప్పటికే రక్తహీనత ఉంటే కొద్దిపాటి రక్తనష్టాన్నీ శరీరం తట్టుకోలేదు. పొట్ట కండరాలు వదులవడం వల్ల బిడ్డ అడ్డం తిరగవచ్చు. మాయ గర్భసంచి కింది భాగంలో అతుక్కునే అవకాశమూ ఎక్కువ. వయసు పెరగడంతో రక్తపోటు, మధుమేహం తోడవుతాయి. గతంలో సిజేరియన్ జరిగినా, నొప్పుల మందులు విచక్షణ లేకుండా వాడినా గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

జాగ్రత్తలు

* గర్భం తెలిసిన వెంటనే పేరు నమోదు చేయించుకోవాలి. పాత కాన్పుల వివరాలన్నీ వైద్యులకు చెప్పాలి.
* హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా, 7 కంటే తగ్గితే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. నాలుగో నెల నుంచి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను కనీసం 180 రోజులు వాడాలి.
* 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత పరీక్షలు జరుగుతాయి. ముప్పు ఉన్నవారి కార్డుపై ఎర్ర స్టిక్కర్ అతికిస్తారు.
* రక్తం ఎక్కించే, శస్త్రచికిత్స చేసే వసతి ఉన్న ఆసుపత్రిని ముందే నిర్ణయించుకోవాలి. వాహనాన్ని, రక్తదాతలను సిద్ధం చేసుకోవాలి.
* రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం గమనిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

కాన్పు తరువాత

బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ ఇవ్వడం వల్ల రక్తస్రావం తగ్గుతుంది. అప్పటికీ అధికంగా ఉంటే మూడు గంటల లోపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. కాన్పుకూ తరువాతి గర్భానికీ కనీసం 24 నెలల ఎడం ఉండాలి. ప్రసవమైన 48 గంటల లోపు అమర్చే కాపర్-టి, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్, పురుషులకు కోత లేని వేసెక్టమీ ప్రభుత్వాసుపత్రుల్లో లభిస్తాయి. ఏది ఎంచుకోవాలన్నది దంపతుల ఇష్టం. అందులో స్త్రీ మాటకే ప్రాధాన్యం ఉండాలి.

సకాలంలో వైద్యం అందితే బహుప్రసవ గర్భిణులలో అత్యధికులు క్షేమంగా బయటపడతారు. కాబట్టి ఆరో కాన్పునైనా తొలి కాన్పంత శ్రద్ధతోనే చూడాలి.