విద్యుదావేశం: పొడిగాలి సీమలో ఎలక్ట్రాన్ల వలస

పదార్థానికి ద్రవ్యరాశి ఎంత మౌలికమో విద్యుదావేశమూ అంతే మౌలికం. అది రెండు రకాలు: ధనం, రుణం. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి, వేర్వేరు రకాలు ఆకర్షించుకుంటాయి. పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్‌ది ధనావేశం, కేంద్రకం చుట్టూ ఉండే ఎలక్ట్రాన్‌ది సరిగ్గా అంతే రుణావేశం. ఘనపదార్థాల్లో కేంద్రకాలు తమ చోటు వదలవు. ముఖ్యంగా చేతులు మారేవి ఎలక్ట్రాన్లే. అవి అదనంగా వచ్చి చేరిన వస్తువు రుణావేశితం, పోగొట్టుకున్నది ధనావేశితం.

మాఘం వెళ్ళి ఎండలు ముదిరే కొద్దీ కర్నూలు, కడప జిల్లాల్లో ఈ సంగతి ఇంట్లోనే కంటపడుతుంది. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుని కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. పాలియెస్టర్ చొక్కా విప్పుతుంటే చిటపటలు వినిపిస్తాయి, చీకట్లో రవ్వలూ కనిపిస్తాయి. ఇదే దువ్వెన మచిలీపట్నంలో ఉక్కపోత రోజున ఇంత చురుగ్గా పనిచేయదు. తేమ ఉన్నచోట వస్తువుల పైన కంటికి ఆనని నీటిపొర ఏర్పడుతుంది. అందులోని అయాన్లు ఆవేశాన్ని ఎప్పటికప్పుడు జార్చేస్తాయి. తడిగాలే ఆవేశాన్ని మోసుకుపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, ముఖ్యమైన దారి ఈ పొరే. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే ఈ సీమలో, వేసవి మధ్యాహ్నాల్లో ఆ పొర పలచబడి ఆవేశం చేరిన చోటే నిలిచిపోతుంది.

రుద్దినంత మాత్రాన ఆవేశం కొత్తగా పుట్టదు. వెంట్రుకలు ఎంత కోల్పోతే దువ్వెనకు అంత చేరుతుంది, రెండూ కలిపితే సున్నాయే. ఇదే ఆవేశ నిత్యత్వ నియమం. ప్లాస్టిక్‌ల మధ్య ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లు, పదార్థపు అతి చిన్న తునకలు కూడా ఎంతవరకు మారతాయన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇంకా తేలలేదు. నిత్యత్వం విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

తరగతి గదిలో తరచూ ఇచ్చే లెక్క ఒకటుంది. ఒకే పరిమాణం గల రెండు లోహపు గోళాల్లో ఒకదాని మీద +6 నానోకూలుంబ్‌లు, రెండోదాని మీద −2 నానోకూలుంబ్‌లు ఉన్నాయి. వాటిని తాకించి విడదీస్తే మొత్తం +4 సమానంగా పంచుకుని చెరి +2 అవుతాయి. అంటే రెండో గోళం నుంచి మొదటిదానికి 4 నానోకూలుంబ్‌ల రుణావేశం వెళ్ళింది. ఒక్కో ఎలక్ట్రాన్ ఆవేశం సుమారు 1.6 × 10⁻¹⁹ కూలుంబ్ కాబట్టి, దాటినవి 2,500 కోట్ల ఎలక్ట్రాన్లు. ఇన్ని చేరినా గోళం బరువులో వచ్చే తేడాను ఏ త్రాసూ పట్టలేదు. ధనావేశం మొదటి గోళం నుంచి రెండోదానికి ‘ప్రవహించింది’ అని రాసే విద్యార్థికి జవాబు సరిగానే వస్తుంది గానీ, కదిలింది ఏదో తెలియకుండా పోతుంది.

ఈ తికమకకు చరిత్రలో కారణముంది. ఆవేశాలు రెండు రకాలని 1733లో ఫ్రాన్స్‌లో డ్యూ ఫే గుర్తించాడు. 1740లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాటికి ధన, రుణ సంకేతాలు పెట్టాడు. ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ కనుగొన్నది 1897లో. అప్పటికి ఫ్రాంక్లిన్ సంకేతాలు పాతుకుపోయాయి, ఎలక్ట్రాన్ రుణం వైపు పడింది.

ఇదే సీమలోని ఆదోని పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు. పత్తి మరీ ఎండిపోతే జిన్నింగ్ యంత్రాల్లో రాపిడికి దూది ఆవేశితమై లోహపు భాగాలకు అంటుకుంటుంది, పని నెమ్మదిస్తుంది. నూలు మిల్లుల్లో నీటి తుంపరలతో గాలి తేమను పెంచేది నూలు తెగకుండానే కాదు, ఈ ఆవేశం తొలగడానికి కూడా.

ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప గేటు ముట్టుకున్నవాళ్ళు ‘షాక్ కొట్టింది’ అంటారు. ఆ క్షణంలో ఒంటి మీద కొన్ని వేల వోల్టులు ఉండవచ్చు. 5,000 వోల్టులనుకుంటే రవ్వలో విడుదలయ్యే శక్తి సుమారు ఒక మిల్లీజౌల్. మనిషికి అది చురుక్కుమనడమే. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మాత్రం అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. అందుకే ట్యాంకర్ నుంచి పెట్రోలు దించే ముందు బంకులో దానికి ఎర్త్ తీగ తగిలిస్తారు. మేఘాల్లో మంచు పలుకులు, మెత్తని వడగళ్ళు ఢీకొన్నప్పుడు జరిగేదీ ఆవేశాల బదిలీయే. ఒక్క పిడుగు మామూలుగా పది, ఇరవై కూలుంబ్‌లను నేలకు దించుతుంది.

పాఠాలు దువ్వెన దగ్గరే ఆగిపోవడం పెద్ద లోటు. కడప జిల్లా పిల్లలకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, అంటే ఆర్టీపీపీలో, 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. మన దేశపు బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. అందులో ఐదింట నాలుగు వంతులు పొగతో పాటే లేస్తుంది. దాన్ని చిమ్నీ చేరకముందే పట్టే యంత్రాన్ని అక్కడివాళ్ళు ఈఎస్‌పీ అంటారు. పరిశ్రమలో దీన్ని నిలబెట్టినవాడు అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్, 1907లో.

ఈఎస్‌పీ పెద్ద ఉక్కు గది. అందులో ఎర్త్ చేసిన పలకలు వరుసగా వేలాడుతుంటాయి, వాటి మధ్య సన్నని తీగలు. తీగలకు పదుల వేల వోల్టుల రుణ విభవం ఇస్తారు. ఆ తీవ్రతకు తీగ చుట్టూ వాయువు అయనీకరణం చెంది ఎలక్ట్రాన్లు బయటికి తోసుకొస్తాయి. అవి ఆక్సిజన్ వంటి అణువులను పట్టుకుంటాయి, ఆ అయాన్లు బూడిద రేణువులకు అంటుకుంటాయి. రుణావేశితమైన రేణువు పలక వైపు లాగబడి, అక్కడ తన అదనపు ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది. అవి ఎర్త్‌లోకి వెళ్ళిపోతాయి. పొగ సెకనుకు మీటరు వేగంతో మెల్లగా సాగే ఈ కొద్ది సమయంలోనే బూడిదలో 99 శాతానికి పైగా పలకలకు చేరుతుంది. సుత్తులు పలకలను కొడుతుంటే అది కింది తొట్లలోకి రాలుతుంది.

చిక్కల్లా రేణువు తన ఎలక్ట్రాన్లను వదలకపోతేనే. మన బొగ్గులో గంధకం తక్కువ, అందువల్ల బూడిదకు విద్యుత్ నిరోధం ఎక్కువ. పలక మీద పేరుకున్న పొర ఆవేశాన్ని పట్టుకునే ఉంటే పొరలోనే చిన్న విస్ఫోటాలు జరిగి, ధన అయాన్లు ఎదురు బయల్దేరి, కొత్తగా వచ్చే రేణువుల ఆవేశాన్ని పోగొడతాయి. దీనికి విరుగుడు పొగలోకి కొద్దిగా అమ్మోనియా గానీ, సల్ఫర్ ట్రైఆక్సైడ్ గానీ పంపడం. సిమెంటు కర్మాగారాల్లో అయితే పొగ మీద నీరు చల్లడం. దువ్వెనను మచిలీపట్నంలో చతికిలబెట్టిన పలుచని పొరే ఇక్కడ రేణువు మీద ఏర్పడి ఆవేశానికి దారి ఇస్తుంది. తొట్లలో పడిన పొడి బూడిద ఇటుకల తయారీకి, సిమెంటుకు పనికొస్తుంది. పోజొలానా సిమెంటులో దాన్ని 15 నుంచి 35 శాతం దాకా కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి.