ఆంధ్రప్రదేశ్‌లో కోకో సాగు – ప్రభుత్వ తోడ్పాటు

దేశంలో కోకో గింజల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ తదితర జిల్లాల రైతులు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో దీన్ని అంతర పంటగా వేస్తారు.

సాగుకు సాయం: సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద కొత్త తోటలకు రాయితీ అందుతుంది. ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. మొక్క కాపుకు రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది కనుక తొలి పెట్టుబడి దశలో ఈ సాయం రైతుకు ఎంతో ఊరట. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ అధిక దిగుబడినిచ్చే హైబ్రిడ్ రకాలను రూపొందించింది.

నాణ్యత: కాయ పగలగొట్టి, గుజ్జు అంటుకున్న గింజలను దాదాపు వారం పులియబెట్టి, తేమ 7 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. ఈ దశలో లోపం జరిగితే ధర తగ్గుతుంది. అందుకే రైతులకు శిక్షణ అవసరం.

ధర: కోకో కేంద్ర కనీస మద్దతు ధరల జాబితాలో లేదు. 2024లో రికార్డు స్థాయికి చేరిన అంతర్జాతీయ ధర 2025లో పడిపోయింది. అప్పుడు గింజలు కొనే కంపెనీలు కిలోకు 450 రూపాయలు చెల్లించేలా, దానికి తాను 50 రూపాయలు కలిపేలా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇలాంటి భరోసా ఏటా ఉంటేనే కోకో రైతు నిలదొక్కుకుంటాడు.